ఒక్కరి నిశాని

సూరత్ పక్క జోల్వాల సాంచెల, అంటె మరమగ్గాల కార్ఖానాలల్ల ఒక కట్టుబాటున్నది. పగటి పాళీ మనిషి దిగి రాత్రి పాళీ మనిషి ఎక్కేటప్పుడు, ఎక్కేటోడు బట్ట అంచుకు తన రంగు పోగు ఒకటి ముడేస్తడు. దాన్ని నిశాని అంటరు. ఆ ముడి కాడి నుంచి ఇంకొకని ముడి దాకా నేసిన బట్టల పోగు తెగినా, నూనె మరక పడ్డా, గీత లేచినా ఆ రంగోని నెత్తి మీదికే. పగటీలి నేసే అంబదాస్‌ది ఎర్ర పోగు, రాత్రి ఎక్కే మొండయ్యది పచ్చ పోగు. ఇద్దరు మంచి దోస్తులే, ఒక్క బీడీ ఇద్దరు తాగేటోళ్ళే, గని నిశాని లేకుంట ఒక్క గజం నేయరు. సేఠ్ ముంగట దోస్తానా నిలవదని ఇద్దరికి ఎరుకే.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటె, అంబదాస్ బిడ్డ నవత ఈ కట్టుబాటును పట్టుకపోయి యూనివర్సిటీ కంప్యూటర్ల పెట్టింది. పెట్టి మునిగింది.

నవత ఫిజిక్స్‌ల ఎమ్మెస్సీ రెండో ఏడు. జోల్వాల బస్సెక్కి, కడోదరా కాడ ఒకటి, సూరత్ స్టేషన్ కాడ ఇంకొకటి మారి యూనివర్సిటీ చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది. అప్పటికి కంప్యూటర్ రూముల పొద్దటి బారి, అంటె పొద్దటి వంతు, అయిపోయేది. ఆ రూము సంగతి జర చెప్పాలె. సూరత్‌ల ప్లేగొచ్చి పోయినంక డిపార్ట్‌మెంటుకు గ్రాంటొస్తే నాలుగు మిషిన్లు కొన్నరు. అండ్ల ఒకటి అప్పుడే మూలకు పడ్డది. మిగిలినయాటిని, ప్రాజెక్టులు చూసే వశీ సర్ దేవునర్ర లెక్క చూసుకునేటోడు. చెప్పులు బయటనే ఇడవాలె. మిషిన్ల మీద గుడ్డలు కప్పాలె. ఏసీ కాడ నిలబడి చల్లగాలి తాగితే ఊకునేటోడు కాదు. ఇంత భక్తి ఉన్న మనిషి ఆ మిషిన్ల గడియారం బ్యాటరీ మాత్రం మార్పియ్యలే. ఎప్పుడు చూసినా అండ్ల ఎనభయ్యో సంవత్సరం, జనవరి ఒకటో తారీఖే.

ప్రాజెక్టు ఇద్దరిద్దరికి ఒకటి. నవతకు జోడీ వీణ. వీణ వాళ్ళ నాయన సూర్యప్రకాశరావు బ్యాంకు మేనేజరు, కోస్తా దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిండు. క్లాసుల తెలుగు మాట్లాడేటోళ్ళు వీళ్ళిద్దరే. ఒకరి తెలుగు ఒకరికి నవ్వొచ్చేది, అయినా ఒకరి డబ్బల ఒకరు తినేటోళ్ళు.

ప్రాజెక్టు నవతే ఎంచుకున్నది. రెండు కొసలు బిగగట్టిన దారాన్ని నడుమ లాగి ఇడిస్తే అదెట్ల ఊగుతది? దారం ఒక్కతీరు ఉంటే కాగితం మీదనే సూత్రం తేలుతది. గని దారం ఒకచోట మందం, ఒకచోట పలుచన, నడుమ ముడి ఉంటే సూత్రం చేతులెత్తేస్తది. అప్పుడు మిషిన్ కావాలె. దారం మీద చుక్కలు పెట్టుకోవాలె. ఒక్కో చుక్క ఇప్పుడెక్కడున్నది, ఇందాక ఎక్కడుండె, పక్క చుక్కలు రెండు ఎక్కడున్నయి, ఇవి చూసి ఇంకో రెప్పపాటుకు అది ఎక్కడికి పోతదో లెక్కగట్టాలె. ఆ లెక్క మీద మళ్ళ ఇంకో రెప్పపాటు. ఆ రెప్పపాటుకే ప్రోగ్రాంల డీటీ అని పేరు. అది చిన్నగుంటే మిషిన్ నెమ్మదిగ నడుస్తది. పెద్దగయితే ఏమయితదో ముందర మీరే చూస్తరు.

జోడీకి మిషిన్ ఒక్కటి, ఫైలు ఒక్కటి, మనుషులు ఇద్దరు. పొద్దటి బారి వీణది, పగటీలి బారి నవతది. సాంచ మీద రెండు పాళీలు నడిచినట్టే అనిపించింది నవతకు. అందుకే తన బారి మొదలుకాంగనే ఫైలుల ఒక వరస కొట్టేది. వాళ్ళు ప్రోగ్రాం రాసే భాష ఫోర్‌ట్రాన్. అండ్ల మొదటి గడిల సి అక్షరం పెడితే ఆ వరసను మిషిన్ పట్టించుకోదు, అది మనుషులు సదువుకునేటందుకే. ఆ వరసల 'ఇక్కడి నుంచి నవత' అని ఇంగ్లీషుల కొట్టి, అప్పుడు పని షురూ చేసేది.

"నువ్వు గూడ నీ బారి రాంగనే పేరు పెట్టు," అన్నది వీణతోని.

వీణ పకపక నవ్వింది. "ఇదేవన్నా చీరా, అంచుకి గుర్తు పెట్టుకోడానికి? మనిద్దరిదీ ఒకటే ప్రాజెక్టు కదే!"

"ఒకటే అయినా పెడితే మంచిది."

"నువ్వు పెట్టావుగా, చాల్లే," అన్నది వీణ. నవత ఊకున్నది. అక్కడనే తప్పయింది.

ఈ దారం లెక్క ఎనక నవతకు ఒక ఆశుండె. అహ్మదాబాద్‌ల ఒక పెద్ద పరిశోధన సంస్థ ఉన్నది. ఎండకాలం సెలవులల్ల పని నేర్పుతందుకు డిపార్ట్‌మెంటుకు ఒక్కరిని తీసుకుంటది. అక్కడ మంచిగ చేసినోళ్ళను పరిశోధనకు అక్కడనే ఉంచుకుంటరు. ఆ ఒక్క సీటు వస్తే నవత బతుకు ఒక దారి. రాకపోతే ఇంకో దారి తయారుగనే ఉన్నది.

"కిమ్ ఊర్ల దారం కంపెనీల కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే పిల్ల కావాల్నంట. సోమలింగం మామ మళ్ళ అడిగిండు," అన్నది నవత తల్లి పద్మారాణి, కండెలు చుట్టుకుంట. "నీది గూడ కంప్యూటరే కదనే."

"అది వేరే, ఇది వేరే అవ్వా."

"ఏం వేరే? అది టీవీ అసుంటి డబ్బనే, ఇదీ టీవీ అసుంటి డబ్బనే."

అంబదాస్ అన్నం కలుపుకుంటనే అన్నడు: "ఎండకాలం దాకా ఆగుమను. అహ్మదాబాద్ వాళ్ళు పిలిస్తే పోతది. పిలవకపోతే కిమ్. నేను మాటిచ్చిన."

ఆయన మాటంటె మాటే. రెండు దిక్కులా.

*

ఆ సీటుకు ఒకరిని ఎంచుకునేందుకు అహ్మదాబాద్ నుంచి ఒక శాస్త్రవేత్త వస్తడని, ప్రాజెక్టులు చూసుడు పగటీలి అని అన్నరు. నవత ముందురోజు ప్రోగ్రాం మూడుసార్లు నడిపి చూసుకున్నది. తెర మీద అంకెలు సక్కగ దిగినయి, దారం ఊగినట్టే ఊగింది. సంబురంగ ఇంటికి పోయి, తెల్లారి ఉతికిన డ్రెస్సేసుకొని బస్సెక్కింది.

తీరా కడోదరా కాడ బోల్తాపడ్డ ట్రక్కు, దాని ముంగట ఆగిన బస్సులు, లారీలు. నవత యూనివర్సిటీ గేటు దాటేసరికి జిగ్నా అనే క్లాసు పిల్ల ఎదురొచ్చి, "అరే, నువ్విప్పుడొస్తున్నవా? సాహెబ్ వచ్చేసిండు! ఆయన రైలుబండి టైం మారిందంట, పొద్దున్నే షురూ చేసిన్రు," అన్నది.

నవత ఉరికింది. వరండ పొడుగూత ఉరికింది. కంప్యూటర్ రూము తలుపు తెరిచే ఉన్నది. చెప్పులిడవాలె కద. ఒక కాలి చెప్పు ఊడింది, రెండో కాలిది బకిల్ పట్టేసింది. వంగి దాన్ని గుంజుకుంటనే తలెత్తి లోపలికి చూసింది.

మిషిన్ ముంగట వీణ కూసున్నది. ఆమె ఎనక వశీ సర్, పక్కకు బక్కపలుచని పెద్దమనిషి ఒకాయన, మెడల తాడుకు కండ్లద్దాలు. తెర మీద అంకెలు దిగుతున్నయి. మొదటి వరస మంచిగనే ఉన్నది. రెండో వరసల అంకెలు ఎగిరినయి. ఇంకో వరసకు గింత పొడుగైనయి. ఆ తర్వాత అంకెలే లేవు, తెర నిండా నక్షత్రం గుర్తు చుక్కలు, వరస ఎనక వరస చుక్కలు. ఫోర్‌ట్రాన్‌ల అంకె దాని గడిల పట్టకపోతే మిషిన్ కోయదు, కుదించదు. గడి నిండా చుక్కలు కొట్టి ఊకుంటది.

"అరె వా," అని నవ్విండు ఆ పెద్దమనిషి. "మీ దారం ఇల్లు దాటి చందమామ దాకా పోయింది వశీభాయ్."

వశీ సర్ మొఖం మాడింది. దేవునర్రల పిల్లి దూరినట్టయింది ఆయనకు.

"స్టెబిలిటీ కండిషన్ చూసుకోలేదు," అన్నడు పెద్దమనిషి. ఆయన కోపంగ అనలే, డాక్టరు నాడి చూసి చెప్పినట్టు అన్నడు. "రాసింది ఎవరు?"

వశీ సర్ వంగి మీట నొక్కుకుంట ఫైలు పైకి జరిపిండు. నవత పేరు తెర మీదికొచ్చింది. 'ఇక్కడి నుంచి నవత.' దాని కిందినుంచి ఆఖరు దాకా ఇంకెవ్వరి పేరూ లేదు.

"నవత," అన్నడు సర్.

"ఏదీ ఆమె?"

"ఇంకా రాలే."

"ఇంకా రాలేదా!" అన్నడు పెద్దమనిషి. అందరు నవ్విన్రు.

నవత ఒక్క చెప్పుతోనే గడప మీద నిలబడ్డది. "నేనే సర్," అన్నది. ఊపిరి ఆడుతలేదు. తెర మీది చుక్కలు చూసి, నిజం చెప్పాలంటె, తప్పు తనదేనేమో అనుకున్నది. నిన్న ఏదన్న మర్చిపోయిన్నా? ఏ వరస తప్పుగొట్టిన? నిన్న మూడుసార్లు మంచిగ నడిచింది గూడ ఆ గడియల యాదికి రాలే.

పెద్దమనిషి ఆమెను చూసిండు. "మిషిన్‌కు పని చెప్పేముందు లెక్క కాగితం మీద చూసుకోవాలె బేటీ. ఇది మొదటి పాఠం," అన్నడు, మంచిగనే. జేబుల నుంచి పెన్ను తీసి చిట్టీ మీద ఏందో రాసుకున్నడు.

"సర్, ఒక్కసారి నన్ను చూడనియ్యున్రి, ఒక్క నిమిషం..."

"బస్, బెన్," అని, చెల్లెను పిలిచినట్టు గుజరాతీల పిలిచి, చెయ్యి అడ్డం పెట్టిండు వశీ సర్. "సాహెబ్ బండికి టైమయితున్నది." పోతపోత తిరిగి, "వీణా, నువ్వేమన్న కదిలించినవా ప్రోగ్రాంల?" అని అడిగిండు.

"లేదు సర్," అన్నది వీణ. "నేను రన్ చేశానంతే. ప్రోగ్రాం ముట్టుకోలేదు."

అందరు చాయ్‌కి పోయిన్రు. నవత కుర్చీల కూసొని ఫైలు తెరిచింది. పైనుంచి కిందికి వరస వరస చూసుకుంట వచ్చింది. లెక్క సూత్రం తను రాసినట్టే ఉన్నది, ఒక్క అక్షరం మారలే. డీటీ కాడ మాత్రం అంకె మారింది. తను పెట్టింది కాదు, దానికి రెట్టింపున్నది. డీటీ రెట్టింపయితే ఈ లెక్క నిలవదు, పూనకమొచ్చినట్టు పైకి ఎగురుతది. అది తనకు తెలుసు గనకనే దాని అంచు దాకా పెట్టి ఆపింది. ఎవరో వచ్చి అంచు దాటించిన్రు. ఆ ఎవరో ఎవరు? పొద్దటి బారి ఎవరిది?

ఫైలు ఏ రోజు, ఏ గంటకు మారిందని చూసింది. ఎనభయ్యో సంవత్సరం, జనవరి ఒకటి.

వరండల వీణ డబ్బ పట్టుకొని నిలబడి ఉన్నది, ఎప్పట్లెక్కనే, తిందాం రా అన్నట్టు. నవత డబ్బ దిక్కు చూడలే.

"ఎందుకట్లన్నవ్?" అన్నది.

"ఏవన్నాను?"

"ఏం ముట్టలేదంటివి కద సర్‌తోని!"

"ముట్టుకోలేదు కదే నిజంగా!"

"సిగ్గులేదా వీణా నీకు?"

వీణ కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. డబ్బ మూత పెట్టుకొని ఎల్లిపోయింది. దొంగ ఏడ్పు అనుకున్నది నవత. నాటకాలు గూడ వస్తయి ఈ పెద్దింటోళ్ళకు, అనుకున్నది.

*

తెల్లారి వశీ సర్ కాడికి పోయింది.

"సర్, డీటీ రెట్టింపు చేసి ఉన్నది. నేను పెట్టింది కాదు."

"మరి ఎవరు పెట్టిన్రు?"

"నా తర్వాత కూసున్నోళ్ళు."

సర్ ఆ రూముల ఉన్న ప్రింటు కాగితం తీసి బల్ల మీద పరిచిండు. వేలు పెట్టి చూపెట్టిండు. "ఇక్కడి నుంచి నవత అని ఉన్నది. ఇంకొకరి పేరు ఎక్కడన్న ఉన్నదా?"

"లేదు సర్. ఆమె పెట్టదు."

"నేను పెట్టుమన్ననా నిన్ను?"

"లేదు సర్."

"నువ్వే రాసుకున్నవు కద, ఇక్కడి నుంచి నాది అని. ఇప్పుడు నాది కాదంటె ఎట్ల?" సర్ కాగితం మడిచిండు. ఆయన చెడ్డోడేం కాదు. పరువు పోయిన మనిషి, అంతే. "చూడు బెన్, ఆయన నీ పేరు రాసుకొని పోయిండు. ప్రాజెక్టు పేర్లు రెండు. ఒకటి పాడయింది. ఒకటన్న మిగలాలె కద డిపార్ట్‌మెంటుకు?"

వారం తిరగకముందే నోటీసు బోర్డు మీద కాగితం అంటించిన్రు. అహ్మదాబాద్‌కు వీణ.

వాళ్ళ ఇల్లు కార్ఖానా మీదనే. ఆ పొద్దు నవత మెట్లెక్కలే, సీదా కార్ఖానాలకు పోయింది. సాంచెల చప్పుడుల మాట వినబడదు, చెవుల నోరు పెట్టి ఒర్లాలె. అంబదాస్ సాంచ ఆపి తెగిన పోగు అతుకుతున్నడు. రెండు వేళ్ళ నడుమ కొసలు పట్టి, నాలిక తడి తగిలించి, ఒక్క తిప్పుల ముడేసి, కొస పండ్లతోని కొరికిండు. బిడ్డ మొఖం చూసి సాంచను మళ్ళ నడపలే. నవత చెప్పింది మొత్తం విన్నడు.

"ఆ పిల్ల నిశాని పెట్టలే?"

"పెట్టలే."

"మరి నువ్వెందుకు పెట్టినవే?"

"మనం పెడతం కద బాపు."

అంబదాస్ బట్ట మీద పడ్డ దారప్పొట్టు చేత్తోని దులిపిండు. "పిచ్చిపోరీ," అన్నడు. "ఇద్దరు పెడితేనే అది నిశాని. ఒక్కరే పెడితే ఒప్పుకోలు. నేనైతే మొండయ్య పచ్చపోగు ఎయ్యందే నా ఎర్రపోగు ఎయ్యను. ఇన్నేండ్లు చూస్కుంట గిది చూడకపోతివి?"

నవతకు ఏడ్పొచ్చింది. కార్ఖానాల ఏడిస్తే ఎవరికీ వినబడదు, అదొక సుఖం.

"ఆ పిల్ల నాయన మంచోడంటివి కద," అన్నడు అంబదాస్. "బిడ్డతోని కాదు, నాయన ముంగట అడుగు. ఆయన ముంగటనే అడుగు, నీ బిడ్డ గిట్ల చేసింది సార్ అని. మంచోడయితే దిద్దుతడు. కాకపోతే కాకపాయె, అడిగినమన్న తృప్తి ఉంటది." సాంచ ఇడిచిండు. చప్పుడు మళ్ళ కమ్ముకున్నది.

అడగాలె అనుకున్నది నవత. యాడ అడగాలె? బ్యాంకుకు పోయి అడుగుతదా? ఆ ఇంటి గడప తొక్కుతదా? రోజులు గడుస్తున్నయి గని కాళ్ళు ఎల్తలేవు.

కాళ్ళు ఎల్లకపోతే మనుషులే వచ్చిన్రు.

*

జోల్వాల వారానికొక రోజు కరెంటు సెలవు. సాంచెలు ఆగితే ఊరు ఊరే చెవులు తెరుస్తది. ఎక్కడో కుక్కర్ కూత, ఎవలో పిల్లను తిట్టుడు, అన్నీ వినబడతయి. ఆ చప్పుడు లేని పగటీలి ఒక స్కూటరు వచ్చి కార్ఖానా ముంగట ఆగింది. సూర్యప్రకాశరావు దిగిండు, ఎనక నుంచి వీణ దిగింది. ఆయన చేతుల సూరత్ ఘారీ మిఠాయి డబ్బ.

"అంబదాస్ గారూ, చనువుగా వచ్చేశాం, ఏవనుకోకండి. ఊరుగాని ఊళ్ళో మన తెలుగువాళ్ళం మనమే కదా," అన్నడు రావు, మంచం మీద కూసుంట. "నవతా, బావున్నావా తల్లీ? నీ సాయం కావాలి. మా అమ్మాయి వచ్చేవారం అహ్మదాబాద్ వెళ్తోంది. ఆ రోజు వచ్చినాయన ఉన్నాడే, ఆయన దగ్గరేనట పని. ఆ ప్రోగ్రాం ఎందుకు తప్పిందో కచ్చితంగా అడుగుతాడని భయపడుతోంది. నీకు తెలుసు కదా, కాస్త చెప్పు. నీ పొరపాటు వల్లే అయినా, చదువులో పొరపాట్లు మామూలే. దానికి నువ్వు బాధపడకు."

అంబదాస్ ఆమె దిక్కు చూసిండు. ఇప్పుడు అడుగు, అన్నట్టే ఉన్నది ఆ చూపు. నవత నోరు తెరవబోయి ఆగింది. ఇట్ల కాదు అనుకున్నది. నోటి మాట ఎవరు నమ్ముతరు? ఈమె చేతనే లెక్క చేయియ్యాలె. తప్పును ఈమె చేతుల్తోనే ఈమె కండ్ల ముంగట పెట్టాలె. అప్పుడు కిందికి తీసుకొచ్చి వాళ్ళ నాయన ముంగట నిలబెట్టి, చెప్పు వీణా ఎవరి తప్పు అని అడగాలె. ఒప్పుకోక యాడికి పోతది?

"రా, మీదికి పోదాం," అన్నది.

మీద రూముల అవ్వ చాప పరిచి చాయ్ పెట్టబోయింది. నవత కాగితం తీసి వీణ ముంగట పెట్టింది.

"మిషిన్ వద్దు. చేత్తోనే చేద్దాం. దారం మీద అయిదు చుక్కలే అనుకో. రెండు కొసలు కట్టేసి ఉన్నయి, అవి సున్న. నడిమిది రెండు, పక్కవి ఒకటొకటి. రాయి."

వీణ రాసింది. సున్న, ఒకటి, రెండు, ఒకటి, సున్న.

"నేను పెట్టిన డీటీతోనైతే లెక్క అల్కగుంటది. పక్క చుక్కలు రెండు కలిపి, అండ్ల నుంచి ఇందాకటి తన అంకె తీసెయ్యి. మొదటిసారికి ఇందాకటిదీ ఇదే అనుకో. అంతే."

వీణ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంట రాసింది. నడిమిది సున్నకు దిగింది. ఇంకో వరసకు పక్కవి మైనస్ అయినయి. ఇంకో వరసకు నడిమిది మైనస్ రెండు. దారం కిందికి దిగి ఆవలి దిక్కుకు పోయింది, పోవాల్సినట్టే పోయింది.

"అబ్బ! ఎంత బావుందే," అన్నది వీణ. ఆమె మొఖం నిజంగనే వెలిగింది. "ఇన్నాళ్ళూ నాకిలా ఎవ్వరూ చెప్పలేదు."

నవతకు ఆ వెలుగు చూసి ఇంకా కోపమొచ్చింది. "ఇప్పుడు డీటీ రెట్టింపు చెయ్యి," అన్నది, ఆమె కండ్లల్లకు చూసుకుంట. "రెట్టింపు చేస్తే పక్క చుక్కల బలం నాలుగింతలయితది. పక్కవి కలిపి నాలుగు పెట్టి గుణియ్యి, ఇప్పటి అంకెను ఆరు పెట్టి గుణించి తీసెయ్యి, ఇందాకటిది గూడ తీసెయ్యి."

మొఖం ఇప్పుడు తెల్లబోతది అని చూసింది. తెల్లబోలే. వీణ మంచిపిల్ల లెక్క తల వంచుకొని గుణించుకుంటున్నది. నడుమ రెండున్న కాడ మైనస్ ఆరు వచ్చింది. "ఇదేవిటి?" అనుకుంట ఇంకో వరస చేసింది. నలభై రెండు. ఇంకో వరస. మైనస్ నాలుగు వందల తొంభై నాలుగు. పెన్ను ఆగింది.

"ఇంకా చేస్తే?" అన్నది వీణ, నెమ్మదిగ.

"వేలు. లక్షలు. గడిల పట్టది. చుక్కలు కొడతది."

వీణ ఆ కాగితం దిక్కే చూస్తున్నది. అప్పుడు తెల్లబోయింది మొఖం. అప్పుడు, అంతకుముందు కాదు.

"నేనే," అన్నది. "నేనే చేశాను కదే అది."

నవత కాగితం మీది నుంచి తలెత్తింది.

"ఆ రోజు పొద్దున్నే వశీ సర్ వచ్చి, విజిటర్‌కి టైం లేదు, తొందరగా అయ్యేలా చూడు అన్నారు. డీటీ పెంచితే సగం టైంలో అయిపోతుంది కదా అని... ఫ్యాన్ స్పీడు పెంచినట్టే అనుకున్నానే! ప్రోగ్రాం ఏం మార్చలేదు కదా, అంకె ఒక్కటేగా అనుకున్నా. ఒట్టు నవతా, నాకు తెలీదు. నాన్నగారి మీద ఒట్టు."

నవతకు కాళ్ళకింద చాప జరిగినట్టయింది. ఈమెకు తెల్వదు. అబద్ధమాడలే. ఇన్ని రోజులు మనసుల పెట్టుకొని తిట్టిన తిట్లన్ని ఎవరికి తగిలినట్టు? వరండల కారిన ఆ కండ్లనీళ్ళు నిజమే. డబ్బ పట్టుకొని తిందాం రమ్మని నిలబడింది గూడ నిజమే. ఛీ, ఎంత మాటంటిని, అనుకున్నది. ఆ ఎనకనే ఇంకో ఆలోచన వచ్చింది. తెలువక చేసింది. ఇప్పుడు తెలిసింది. తెలిసిన మనిషి ఇగ ఊకుంటదా? కిందనే ఉన్నడు వాళ్ళ నాయన. తను అడగాల్సిన పని గూడ లేదు, ఆమెనే చెప్తది. ఏడ్చుకుంట చెప్తది. ఆయన మంచోడు, రేపే వశీ సర్ కాడికి పోతడు.

ఎదురు చూసింది నవత. అవ్వ చాయ్ తెచ్చి పెట్టి పోయింది.

వీణ కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. చాయ్ తాగలే. కొంచెంసేపటికి, "నాన్నగారు టికెట్టు కూడా తీసేశారు," అన్నది. "అమ్మ ఊళ్ళో అందరికీ ఉత్తరాలు రాసింది."

"ఊఁ," అన్నది నవత.

ఇంకొంచెంసేపు ఆగి, తలెత్తకుంటనే అడిగింది: "అక్కడ ఆయన అడిగితే ఇలా చేసి చూపిస్తే సరిపోతుందా? అయిదు చుక్కలతో?"

నవతకు ముందుగాల అర్థం గాలే. అర్థమైనంక, కాగితం దిక్కే చూసుకుంట, "సరిపోతది," అన్నది.

"అయితే మంచి కాగితం మీద ఎక్కించుకోనా?"

నవత కొత్త కాగితం తీసిచ్చింది. వీణ చెయ్యి గుండ్రటి చెయ్యి, ముత్యాల్లాంటి అంకెలు. వరసలన్నీ ఎక్కించుకొని, పాత కాగితం మడిచి అది గూడ సంచిల పెట్టుకున్నది. లేచేటప్పుడు నవత చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో పట్టుకోలే.

ఇద్దరు మెట్లు దిగిన్రు. రావు, అంబదాస్ మంచం మీద కూసొని సాంచెల ముచ్చట చెప్పుకుంటున్నరు.

"అర్థమైందా అమ్మలూ?" అని లేచిండు రావు. "ఏదీ, చూడనీ." కాగితం తీసుకొని చెయ్యంత దూరం పెట్టి చూసిండు. ఆయనకేం తెలుస్తది గని, బిడ్డ చేతిరాత చూసుకొని మురిసిపోతున్నడు. "భేష్. అంతా నవత పుణ్యం."

ఇదే సమయం. అంబదాస్ బిడ్డ దిక్కే చూస్తున్నడు. నవత రావు పక్కకు పోయి నిలబడ్డది. ఆయన చేతుల కాగితం కనబడుతనే ఉన్నది. వీణ కాళ్ళ దిక్కు చూసుకుంట నిలబడ్డది. ఒక్క మాట చాలు. అంకుల్, మీ అమ్మాయినే అడుగున్రి. అంతే.

"వీణా," అన్నది నవత.

వీణ తలెత్తింది. మొఖంల నెత్తురు లేదు. రావు గూడ కాగితం దించి చూసిండు.

నవత కండ్లు మాత్రం కాగితం మీదనే ఉన్నయి. ఆ గుండ్రటి అంకెలల్ల ఒకటి తప్పున్నది. తప్పు కనబడితే దాన్ని దాటి ఇంకో మాట రాదు ఆమెకు, అదేం రోగమో.

"కింది వరసల నడిమి అంకెకు మైనస్ పెట్టలే," అన్నది. "నాలుగు వందల తొంభై నాలుగుకు. అది లేకుంటె లెక్క తప్పయితది. ఆయన పట్టేస్తడు."

రావు గట్టిగ నవ్విండు. "చూశావా! స్నేహితురాలంటే ఇలా ఉండాలి," అని జేబుల పెన్ను తీసి బిడ్డకిచ్చిండు. వీణ స్కూటరు సీటు మీద కాగితం పెట్టి, వంగి, చిన్న గీత గీసింది. గీత వంకర పోయింది. ఆమె మళ్ళ నవత దిక్కు చూడలే. స్కూటరు ఎల్లిపోయింది.

పద్మారాణి మిఠాయి డబ్బ తీసుకొని మీదికి పోయింది. అంబదాస్ మంచం మీద కూసొనే ఉన్నడు.

"అడిగినవా?"

"లే."

"మరి ఆయన ముంగట ఏందో అంటివి కద?"

"తప్పున్నది బాపు. దిద్దిన."

"ఎవల తప్పు?"

నవత మెట్ల దిక్కు నడిచింది. అంబదాస్ బీడీ తీసి, అంటించుకోకుంట చేతుల్నే పట్టుకున్నడు.

"సోమలింగం మామకు చెప్పు," అన్నది నవత, మెట్లెక్కుకుంట. "సోమవారం నుంచి కిమ్‌కు పోత."